‘దట్’ ఎక్కడ ఏ పని చేస్తోంది? – సమాధానం

ఇంగ్లీష్‌లో ‘ఐ నో దట్ హి కేమ్’, ‘ద బుక్ దట్ ఐ బాట్’ – రెండింట్లోనూ ‘దట్’ కంజంక్షనేనా అని అడిగారు. కాదండీ. మొదటిది కంజంక్షన్ (వాక్యాలను కలిపే మాట), రెండోది రిలేటివ్ ప్రొనౌన్ (ముందున్న నౌన్‌కు బదులుగా నిలుస్తూ దాని గురించి చెప్పే ముక్కను కలిపే మాట).

‘దట్’ తర్వాతి ముక్కను విడిగా చదవండి. ‘హి కేమ్’ పూర్తి వాక్యం, కాబట్టి ఇక్కడి ‘దట్’ మన ‘అని’ లాంటిది. ‘ఐ బాట్’ అనగానే ‘ఏం కొన్నావు?’ అనిపిస్తుంది. ఆ లోటు తీర్చేది ‘దట్’. తెలుగులో అది ‘నేను కొన్న పుస్తకం’ అవుతుంది.

ముందు నౌన్ ఉంటే రిలేటివే అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. పరీక్షల్లో బోల్తా పడేది ఇక్కడే.

‘ద న్యూస్ దట్ హి రిజైన్డ్’ – రాజీనామా చేశాడన్న వార్త. కంజంక్షన్.
‘ద న్యూస్ దట్ హి టోల్డ్ అస్’ – అతను మాకు చెప్పిన వార్త. రిలేటివ్.

అనుమానముంటే ‘విచ్’ పెట్టి చూడండి (మనుషులైతే ‘హూ’). రెండోదాంట్లో అతుకుతుంది, మొదటిదాంట్లో అతకదు.

మిగతావి తేలికే. ‘దట్ హౌస్’లో డిటర్మినర్ (ఆ), ‘దట్ ఈజ్ మైన్’లో ప్రొనౌన్ (అది), ‘నాట్ దట్ బ్యాడ్’లో యాడ్‌వర్బ్ (అంత).

‘దట్’ను తీసేయవచ్చా అనీ అడిగారు కదా: ‘ద బుక్ ఐ బాట్’ సరైనదే. ‘ద బస్ దట్ కేమ్ లేట్ వాజ్ ఫుల్’లో మాత్రం తీయకూడదు, అక్కడ ‘కేమ్’కి సబ్జెక్ట్ అదే. ప్రిపొజిషన్ (ఇన్, ఆన్ లాంటి మాట) వెంటనే వస్తే రిలేటివ్ ‘దట్’ పనికిరాదు: ‘ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్’ అనాలి.