సెక్కి డిస్క్ సొంతంగా చేసుకోవచ్చా?

ప్రశ్న: తెరచాప పడవల్లో తిరిగేవాళ్లు తెల్లటి బిళ్లను సముద్రంలోకి దించి శాస్త్రవేత్తలకు లెక్కలు పంపుతున్నారట. ఆ బిళ్ల మనం చేసుకోవచ్చా? ఎలా కొలవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేసుకోవచ్చు. ఆ బిళ్లనే సెక్కి డిస్క్ అంటారు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి పోప్ గారి నౌక మీద పరీక్షించిన పద్ధతి ఇది. బిళ్ల ఎంత లోతున కనుమరుగైతే నీళ్లు అంత తేట. తీరానికి దూరంగా ఆ తేటదనాన్ని తగ్గించేవి ముఖ్యంగా వృక్ష ప్లవకాలే (నీటిలో తేలే, కంటికి ఆననంత చిన్న మొక్కల్లాంటి జీవులు) కాబట్టి, అవి ఎంత ఉన్నాయో దీన్నిబట్టి అంచనా కడతారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కు చెందిన సముద్ర జీవశాస్త్రవేత్త రిచర్డ్ కిర్బీ 2013లో మొదలుపెట్టిన సెక్కి డిస్క్ స్టడీకి పడవలవాళ్లు ఇలాగే కొలిచి పంపుతున్నారు.

3 మి.మీ. తెల్ల పీవీసీ షీటును 30 సెం.మీ. వ్యాసంతో గుండ్రంగా కోయండి. ప్లైవుడ్ వద్దు, తేలుతుంది, నానితే వంకర పోతుంది. నడిమధ్య చిల్లు పెట్టి, రెండు పక్కలా వాషర్లు వేసి ఐబోల్టు (తలకు కొక్కెం లాంటి రింగు ఉన్న బోల్టు) బిగించండి. అడుగున కనీసం 200 గ్రాముల బరువు కట్టాలి, ప్రవాహం ఉన్నచోట కిలో పైనే. తాడుకు బదులు 50 మీటర్ల ఫైబర్ టేపు మేలు. నైలాన్ తాడు సాగి లెక్క తప్పిస్తుంది. టేపు సున్నా సరిగ్గా బిళ్ల పైముఖం దగ్గర ఉండాలి. మెరిసే పెయింటు వేయకండి.

ఉదయం 10కీ మధ్యాహ్నం 2కీ మధ్య, చాప దించి, పడవ నిలకడగా ఉన్నప్పుడు, ఎండ తళుకు కళ్లలో పడకుండా నీడ పక్క నుంచి దించండి. కనుమరుగైన లోతు చూసుకోండి. ఇంకాస్త దించి, నెమ్మదిగా లాగుతూ మళ్లీ కనిపించిన లోతూ చూసి, రెంటి సగటు రాయండి. నల్లకళ్లద్దాలు తీసేయాలి. పోలరాయిడ్ అద్దాలు తళుకును కోసేసి లోతు ఎక్కువ చూపిస్తాయి.

ఎక్కువగా చెడేది రెండుచోట్ల. ఒకటి, టేపును నీటిమట్టం దగ్గర కాక పడవ అంచు దగ్గర చదవడం. అంచు నీటికి 1.2 మీటర్ల ఎత్తున ఉంటే ప్రతి కొలతలోనూ అంత తప్పు చేరుతుంది. రెండోది, టేపు ఏటవాలుగా పోవడం. 30 డిగ్రీలు వాలితే 10 మీటర్ల టేపుకు నిజమైన లోతు 8.7 మీటర్లే. అలాంటప్పుడు బరువు పెంచి మళ్లీ దించాలి, లేదా ఆ కొలత వదిలేయాలి. అందాజుగా సరిచేసి పంపడం కన్నా పంపకపోవడమే నయం.

తేదీ, సమయం, జీపీఎస్ స్థానం లేని కొలత ఎందుకూ పనికిరాదు. సెక్కి డిస్క్ స్టడీ వారి ఫోన్ యాప్ సిగ్నల్ లేకపోయినా స్థానాన్ని నమోదు చేసుకుంటుంది. ఒడ్డుకొచ్చాక పంపవచ్చు.

ప్రశ్న: ఉపగ్రహాలుండగా ఈ బిళ్ల ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 2022లో ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం సముద్రం రంగు చూసి ప్లవకాల పచ్చదనం లెక్కకడుతుంది. మీ ఊళ్లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేది ఇలాంటి సమాచారంతోనే. కానీ మేఘం అడ్డొస్తే ఆ కన్ను మూతపడినట్టే. నైరుతి రుతుపవనాల్లో బంగాళాఖాతం సంగతి తెలిసిందే కదా! పైగా ఉపగ్రహం లెక్కను నీటి మీద తీసిన కొలతతో సరిచూసుకోవాలి.

సరుకు ఓడలు ఖాయమైన దారుల్లోనే పోతాయి, కొలత కోసం ఆగవు. తెరచాప పడవలు ఆ దారులు దాటి పోతాయి. 2017-18లో భూమిని చుట్టివచ్చిన నౌకాదళ పడవ తారిణి వాతావరణ శాఖ కోసం గాలి, అలల వివరాలు నమోదు చేసింది. ఆ ఆరుగురు మహిళల్లో విశాఖకు చెందిన స్వాతి, మీ హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు.

ప్రశ్న: కాకినాడ జెట్టీ మీంచి కొలిస్తే?
– ఒక విద్యార్థి

జవాబు: వద్దు. అక్కడ తెలిసేది ప్లవకాలు కాదు, బురద. గోదావరి వరద రోజుల్లో మరీనూ. చెయ్యి అలవాటు కావడానికైతే దించి చూడండి, ఆ అంకెలు మాత్రం పంపకండి.