మార్పులు చేయించిన ఏటీవీ స్టార్ట్ కాకపోతే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మామిడి తోట పనులకని నాలుగున్నర లక్షలు పెట్టి కొత్త ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి) కొన్నాను. తర్వాత తిరుపతిలో ఒక వర్క్‌షాపులో వించ్ (బరువులు లాగే యంత్రం), ఎల్‌ఈడీ లైట్లు బిగించి, సైలెన్సర్ మార్పించాను. రెండు నెలలుగా పొద్దున సెల్ఫ్ నొక్కితే టిక్కుమని శబ్దం వస్తోంది తప్ప ఇంజిన్ తిరగడం లేదు. బయట పని చేయించారు కాబట్టి వారంటీ వర్తించదని షోరూమ్ వారు, లోపం బండిలోనే ఉందని వర్క్‌షాపు వారు చెబుతున్నారు. నేను ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: బండికి మార్పులు జరిగాయన్నది మీరే ఒప్పుకుంటున్న విషయం కాబట్టి దాని మీద వివాదం లేదు. ఆ మార్పుల వల్లనే బండి స్టార్ట్ కావడం లేదా అన్నదే అసలు వివాదం, కేసు గెలిచినా ఓడినా దాని మీదే ఆధారపడుతుంది. అందువల్ల కారణం కాగితం మీదికి ఎక్కేవరకు, కింద చెప్పిన పరీక్షలో తప్ప, ఆ వైరింగ్‌ను ఎవరి చేతా విప్పించకండి, బ్యాటరీ మార్పించకండి. తెలిసిన మెకానిక్ ఒకరు వచ్చి మంచి మనసుతోనే నాలుగు వైర్లు సరిచేసి వెళితే, మీ ముఖ్యమైన సాక్ష్యం ఆ పూటతో పోతుంది.

టిక్కుమని శబ్దం వస్తోందంటే సాధారణంగా రిలే (స్టార్టర్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్) వరకు కరెంటు అందుతోందనీ, స్టార్టర్ మోటారును తిప్పేంత బలం అందడం లేదనీ అర్థం. బ్యాటరీ డౌన్ కావడం, టెర్మినల్ లేదా ఎర్త్ వైరు వదులు కావడం, రిలే గానీ మోటారు గానీ చెడిపోవడం ఇందుకు కారణాలు కావచ్చు. మీటర్ పెట్టి చూస్తే, పూర్తిగా చార్జ్ అయిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది సుమారు 13.5 నుంచి 14.5 వరకు ఉండాలి. లైట్ల వైరును ఇగ్నిషన్ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే రాత్రంతా కొద్దికొద్దిగా కరెంటు లాగేసే అవకాశం ఉంది. కాబట్టి ఇరుపక్షాలకూ ముందుగా తెలియజేసి, వారి ఎదుట, ఈ వివాదంతో సంబంధం లేని అర్హుడైన మెకానిక్ చేత పరీక్ష చేయించండి. బండిని ఉన్నది ఉన్నట్టుగా ఒక రాత్రి, బయట బిగించిన వైర్లన్నీ విప్పి మరో రాత్రి ఉంచి, రెండు పొద్దులూ రీడింగులు రాయించండి. పలుమార్లు ఖాళీ అయిన బ్యాటరీ తానే దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి ఈ పరీక్షకు మరో మంచి బ్యాటరీ వాడాలి. వైర్లు విప్పాక కూడా కరెంటు దిగిపోతుంటే అనుమానం బండి మీదికి, నిలబడితే వర్క్‌షాపు మీదికి మళ్లుతుంది. సైలెన్సర్ మార్పు వల్ల ఇంధనం, గాలి పాళ్లు మారవచ్చునే గానీ మోటారు తిరగకపోవడానికి అది కారణం కాదు. షోరూమ్ వారు మూడు మార్పులనూ ఒకే గాటన కట్టి మాట్లాడితే మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఇక వారంటీ పుస్తకంలోని వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి. మార్పుల వల్ల కలిగిన లోపాలకు వారంటీ వర్తించదని ఉంటే, ఆ సంబంధాన్ని చూపవలసిన బాధ్యత దాన్ని వాదించే షోరూమ్ వారి మీదే పడుతుంది. ఏ మార్పు చేసినా వారంటీ మొత్తం రద్దవుతుందని ఉంటే మీ దారి కష్టమవుతుంది. ఆ నియమమే అన్యాయమైన ఒప్పందమని వాదించాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. మొండిగా అటువైపు వెళ్లమని నేను సలహా ఇవ్వను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ కూడా మీకు చూపించవచ్చు. మార్పు చేసిన వస్తువు వల్ల హాని కలిగినప్పుడు అమ్మినవారిపై ఉత్పత్తి బాధ్యత దావా చెల్లదని అది చెబుతుంది. అయితే ఆ చట్టంలో హాని అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ఆ వస్తువుకే కలిగిన నష్టాన్ని మినహాయించింది. మీది వస్తువులో లోపం, సేవలో లోపం అనే ఫిర్యాదు కాబట్టి ఆ సెక్షన్ మీకు అడ్డు కాదు.

తోట పని వాణిజ్యం కిందికి వస్తుందనీ, మీరు వినియోగదారులే కారనీ ఎదుటివారు అనవచ్చు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికే వాడే వస్తువును చట్టం వాణిజ్య ప్రయోజనం నుంచి మినహాయించింది. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో తీర్పు చెప్పింది కూడా. అదే బండిని మీరు అద్దెకు తిప్పుతూ ఉంటే మాత్రం ఈ వాదన బలహీనపడుతుంది.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పక తప్పదు. ఈ బండికి రిజిస్ట్రేషన్ ఉందా? ఆవరణల లోపల మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక వాహనాలకు మోటారు వాహనాల చట్టం, 1988 మినహాయింపు ఇచ్చినా, తోటకు వెళ్లేందుకు మీరు పలమనేరు రోడ్డు ఎక్కుతూ ఉంటే దాని మీద ఆధారపడలేరు. రిజిస్టరైన బండి అయితే, ధ్రువపత్రంలోని వివరాలకు విరుద్ధంగా మార్పు చేయడాన్ని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 182ఎ(4) కింద 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫిర్యాదులో మార్పుల వివరాలు మీ సంతకంతోనే వెళతాయి కాబట్టి, ఈ సంగతి ముందుగా మీ న్యాయవాదితో మాట్లాడుకోండి.

పరీక్ష నివేదిక అందాక షోరూమ్‌కు, తయారీ కంపెనీకి, వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. స్పందన లేకపోతే ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి ఒకే ఫిర్యాదు వేయండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరూ తప్పును లేనివారి మీదికి తోసేస్తారు. బంగారుపాళెం చిత్తూరు జిల్లాలోదే కాబట్టి, వర్క్‌షాపు తిరుపతిలో ఉన్నా, నివాసాన్ని బట్టి మీరు చిత్తూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షలకు మించలేదు కాబట్టి ఫీజు లేదు. బిల్లులు, జాబ్ కార్డులు (బండిని పనికి ఇచ్చినప్పుడు షోరూమ్, వర్క్‌షాపు వారు రాసిచ్చే కాగితాలు), వారంటీ పుస్తకం జతచేయండి. సెల్ఫ్ నొక్కినప్పుడు తీసిన వీడియో ఇచ్చేటట్లయితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం కూడా పెట్టండి. ప్రయోగశాల పరీక్ష అవసరమని తోస్తే కమిషనే పంపిస్తుంది, ఆ ఖర్చు మొదట మీరు కట్టాలి. ఫిర్యాదుకు గడువు వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. షోరూమ్ వారు వారంటీ నిరాకరించింది నోటిమాటగానే అయితే, ఈ వారమే ఒక లేఖ రాసి వారి సమాధానాన్ని రాతపూర్వకంగా రాబట్టండి.