కప్పుల లెక్క ఒక్కటే చూస్తే జీఎంకి అన్యాయమే

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్)లో స్టాన్లీ కప్పు గెలవని జనరల్ మేనేజర్‌ని (జీఎం, అంటే ఆటగాళ్లను ఎంచి జట్టు కట్టే అధికారిని) గొప్పవాడు అనొచ్చా అని మీ మారతహళ్లి స్నేహితుల మధ్య తెగని వాదన అన్నారు కదా. అనొచ్చండి. స్టీవ్ ఐజర్‌మన్‌నే తీసుకోండి. 2010 నుంచి 2018 దాకా టాంపా బే జట్టు జీఎం, ఒక్క కప్పూ లేదు. 2020, 2021లో వరసగా రెండు వచ్చేసరికి జీఎం జూలియన్ బ్రీస్‌బోయా. కానీ ఆ కప్పుల్లో కీలకమైన ఆటగాళ్లు కుచెరోవ్ (2011 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, 58వ ఎంపిక), వాసిలెవ్‌స్కీ (2012, 19వ), బ్రేడెన్ పాయింట్ (2014, 79వ) ఐజర్‌మన్ హయాంలో వచ్చినవాళ్లే. స్టామ్‌కోస్, హెడ్‌మన్‌లను మాత్రం ఆయన ఖాతాలో వేయకండి, వాళ్లు అప్పటికే ఉన్నారు.

అందుకే ముందు జీఎం చేరిన రోజు జట్టులో ఎవరున్నారో, ఏ ఒప్పందాలు మిగిలాయో రాసుకోండి. డ్రాఫ్టు ఎంపికలపై తీర్పు ఇవ్వడానికి కనీసం ఐదేళ్లు ఆగాలి. 18 ఏళ్ల కుర్రాడు, అందులోనూ గోలీ (గోల్‌కీపర్), కుదురుకోవడానికి అంత పడుతుంది.

చాలామంది తప్పేది జీతాల దగ్గర. డాలర్లు కాదు, క్యాప్‌లో (ఒక జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే గరిష్ఠ పరిమితిలో) ఎంత శాతమో చూడాలి. 95 లక్షల డాలర్ల జీతం 2024-25 నాటి 8.8 కోట్ల క్యాప్‌లో 10.8 శాతం, 2025-26 నాటి 9.55 కోట్లలో 9.9 శాతమే.

ఒక్క సీజన్ పట్టిక చూసి తీర్పు ఇవ్వకండి. షూటింగ్ శాతం (కొట్టిన షాట్లలో గోల్ అయినవి), గోలీ సేవ్ శాతం (వచ్చిన షాట్లలో ఆపినవి) ఏడాదికేడాది బాగా ఊగుతాయి. మూడేళ్లు కలిపి చూడండి.