సఖి కేంద్రానికి వెళితే కేసు పెట్టినట్టేనా?

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు. పాపకు ఏడు, బాబుకు నాలుగు. మా ఆయన తాగొచ్చి కొడతాడు. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాం. పదిరోజులు బాగుంటాడు, మళ్లీ మామూలే. అంగన్‌వాడీ టీచర్ సఖి కేంద్రానికి వెళ్లమంటోంది. వెళితే ఆయన్ని జైల్లో వేస్తారేమో, అత్తగారు నన్ను ఇంట్లోంచి గెంటేస్తారేమోనని టెన్షన్. ఏం చేయను?

జవాబు: అమ్మా, టీచర్ మంచి మాటే చెప్పింది. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్లనే సఖి అంటున్నారు. అది పోలీస్ స్టేషన్ కాదు, ఫీజూ ఉండదు. అక్కడ మీతో మాట్లాడేది కౌన్సెలరో కేస్ వర్కరో. మీ గోడు వినగానే ఎవరూ మీ ఇంటికి జీపు పంపరు.

ఒక్క సంగతి మాత్రం తెలుసుకుని వెళ్లండి. 2005 గృహహింస చట్టం కింద మీ ఫిర్యాదును గృహహింస ఘటన నివేదికగా, అంటే డీఐఆర్‌గా రాస్తే అది మేజిస్ట్రేటుకు వెళ్తుంది, ఒక కాపీ స్టేషన్‌కూ వెళ్తుంది. అందుకే ‘ముందు మాట్లాడతాను, రాయించే సంగతి తర్వాత చెబుతాను’ అని మొదటే అనండి. డీఐఆర్ రాసినంత మాత్రాన అరెస్టు ఉండదు. కోర్టు ఇచ్చేది చెయ్యి చేసుకోవద్దనే ఆర్డరు, ఖర్చులకు డబ్బు, ఇంట్లో ఉండే హక్కు. కొట్టొద్దన్న ఆర్డరును మీరితే అప్పుడు శిక్ష. ఇల్లు అత్తగారి పేరున ఉన్నా, మీరు కాపురం చేస్తున్న ఇంట్లోంచి చట్టప్రకారం తప్ప మిమ్మల్ని పంపే వీల్లేదు. 2020లో సుప్రీంకోర్టు కూడా కోడలికి ఆ హక్కు ఉందనే చెప్పింది.

రాజీ కుదిరిన వారానికి ఇంటికొచ్చి ‘ఎలా ఉంది తల్లీ’ అని అడిగిన పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారా? మంచి సోషల్ వర్కర్ అడుగుతుంది. మీ ఆయన ఒప్పుకుంటే తాగుడు మాన్పించే సెంటర్‌కు పంపుతుంది, ఉచిత లాయర్ కోసం న్యాయ సేవాధికార సంస్థకు కాగితం పెట్టిస్తుంది. ఆడవాళ్లకు అక్కడ ఆదాయం లెక్క చూడరు. చేత్తో కొట్టాడా బెల్టుతోనా, పిల్లలు చూశారా, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఇలాంటివి సఖిలో అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పండి. ఆసుపత్రి చీటీ ఉంటే తీసుకెళ్లండి.

‘మగాళ్లన్నాక తాగుతారు, సర్దుకుపో’ అనే కౌన్సెలర్లూ ఉన్నారు, దాచడమెందుకు. అలా అంటే వేరేవాళ్లు కావాలని అడగండి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మీ ఆయన్ని పిలిపిస్తామంటే, ఆ రాత్రి మీరెక్కడ ఉంటారో తేలాకే సరేననండి. ఆయన సఖి కేంద్రంలో బుద్ధిమంతుడిలా తలూపి, ఇంటికొచ్చాక ‘నా పరువు తీస్తావా’ అని మీద పడొచ్చు. అవసరమైతే సఖిలో పిల్లలతో ఐదు రోజుల వరకు ఉండొచ్చు.

ఈలోగా ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించి ఒక సెట్ టీచర్ దగ్గర పెట్టండి. పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే ఏమీ ఆలోచించకుండా అత్యవసర నంబర్ 112 నొక్కండి.