జన్యువు మూగబోతే కణం ఏం చెబుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జీన్ సైలెన్సింగ్ (జన్యువును తీసేయకుండా దాని పనిని అణచివేయడం) సాయంతో డీఎన్‌ఏ దెబ్బతినడాన్నీ, మరమ్మతునూ ఎలా పరిశోధిస్తారన్న వ్యాసంపై వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమందిని వేధిస్తున్న సందేహాలకు ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: జన్యువును కత్తిరించి పూర్తిగా తీసిపారేసే క్రిస్పర్ పద్ధతి ఉండగా, కొంత మిగిల్చే సైలెన్సింగ్ ఇంకా ఎందుకు?

జవాబు: కొన్ని మరమ్మతు జన్యువులు లేకపోతే కణం బతకదు కాబట్టి. ఉదాహరణకు ర్యాడ్51. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు, చెక్కుచెదరని సోదర ప్రతిని చూసి అతికించే పనిలో ఈ ప్రోటీన్ కీలకం. వెన్నెముక గల జీవుల కణాల్లో దీన్ని పూర్తిగా తొలగిస్తే క్రోమోజోములు విరిగిపోయి కణాలు చనిపోతాయి. చచ్చిన కణాన్ని మరమ్మతు గురించి ఏమని అడుగుతాం? సైలెన్సింగ్‌లో జన్యువు చెక్కుచెదరదు. దాన్నుంచి వెలువడే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సందేశం మోసే ప్రతి) మాత్రమే నాశనమవుతుంది. ప్రోటీన్ తగ్గాక కణం చనిపోయేలోపు దొరికే రెండు మూడు రోజుల్లోనే మన ప్రయోగం పూర్తి చేసుకోవాలి.

పని జరిగే తీరు ఇదీ. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అనేది సుమారు 21 అక్షరాల జంట పోగు ఆర్‌ఎన్‌ఏ. అందులో ఒక పోగును (గైడ్ పోగు) ఆర్గోనాట్-2 ప్రోటీన్ పట్టుకుని, దానికి సరిపోయే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ కనిపించగానే 10, 11 స్థానాల ఎదురుగా కోసేస్తుంది. జంట పోగు ఆర్‌ఎన్‌ఏకు ఈ శక్తి ఉందని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో బృందం 1998లో ఒక సూక్ష్మ పురుగులో చూపింది. వారిద్దరికీ 2006లో నోబెల్ వచ్చింది. క్షీరదాల కణాల్లో మాత్రం 30 అక్షరాలు దాటిన జంట పోగును కణం వైరస్‌గా భావించి ఇంటర్‌ఫెరాన్ స్పందన అనే రక్షణ చర్య మొదలెడుతుంది. 21 అక్షరాల పొట్టి పోగులైతే ఆ గొడవ చాలావరకు తప్పుతుందని 2001లో థామస్ టుష్ల్ బృందం చూపాకే మనిషి కణాల్లో ఈ పద్ధతి ఊపందుకుంది.

ప్రశ్న: ఏ జన్యువుకూ సంబంధించని నాన్-టార్గెటింగ్ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేసినా కణాలు చనిపోతున్నాయి. 100 నానోమోలార్ వాడుతున్నాను. తప్పెక్కడ?

జవాబు: ముందు ఆ 100ను తగ్గించండి. 5 నుంచి 20 నానోమోలార్ చాలు. కణంలో ఆర్గోనాట్ పరిమితం. మీరు గుప్పించే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ జన్యువులను అదుపు చేసే కణం సొంత మైక్రోఆర్‌ఎన్‌ఏలతో చోటు కోసం పోటీ పడుతుంది, సంబంధం లేని జన్యువులనూ అణచివేస్తుంది.

24 వెల్ (గుంటల) ప్లేట్‌కు ఈ కొలత పాటించి చూడండి. 1 మైక్రోమోలార్‌కు పలుచన చేసుకున్న ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ 6 మైక్రోలీటర్లు (అంటే 6 పికోమోల్), సీరం లేని మీడియం 100 మైక్రోలీటర్లు, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చే లిపిడ్ (ఆర్‌ఎన్‌ఏఐమ్యాక్స్) 1 మైక్రోలీటరు ఖాళీ వెల్‌లోనే కలిపి 10 నుంచి 20 నిమిషాలు ఉంచండి. దానిపై యాంటీబయోటిక్ లేని మీడియంలో కలిపిన కణాలను 500 మైక్రోలీటర్లు పోయండి. అలా తుది గాఢత సుమారు 10 నానోమోలార్ అవుతుంది. మర్నాటికి కణాలు వెల్ అడుగును 30 నుంచి 50 శాతం కప్పేలా లెక్క వేసుకోండి. మరీ పలుచగా ఉంటే లిపిడ్ విషంలా పని చేస్తుంది, మరీ ఒత్తుగా ఉంటే లోపలికి చేరేది తగ్గుతుంది. 24 గంటల తర్వాత మీడియం మార్చండి.

పక్కనే నాలుగు కంట్రోల్ వెల్స్ తప్పనిసరి: ఏమీ వేయనిది, లిపిడ్ ఒక్కటే వేసినది, నాన్-టార్గెటింగ్ వేసినది, పీఎల్‌కే1 ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేసినది. లిపిడ్ ఒక్కటే వేసిన వెల్‌లో కణాలు చస్తుంటే దోషం లిపిడ్‌ది. నాన్-టార్గెటింగ్‌లోనే చస్తుంటే మోతాదుదో, ఆ వరుసదో. పీఎల్‌కే1 లేకపోతే విభజన మధ్యలో కణం ఆగిపోతుంది కాబట్టి, రెండు మూడు రోజుల్లో ఆ వెల్‌లో గుండ్రంగా తేలిన కణాలు కనిపించాలి. కనిపించలేదంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ లోపలికే వెళ్లలేదు.

ప్రశ్న: డీఎన్‌ఏ తెగినప్పుడు ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి హెచ్చరించే ఎంజైము ఏటీఎమ్. దాని జన్యువును సైలెన్స్ చేశాను. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ మొత్తాన్ని కొలిచే పరీక్ష) ప్రోటీన్ దాదాపు 90 శాతం తగ్గింది. 10 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చి అరగంటకు చూస్తే, డీఎన్‌ఏ తెగిన చోట్లను చూపే గామా హెచ్2ఏఎక్స్ చుక్కలు మాత్రం కంట్రోల్‌లో ఉన్నట్టే ఉన్నాయి. ఏటీఎమ్‌కు మరమ్మతులో పాత్ర లేదని రాయవచ్చా?

జవాబు: రాయవద్దు. ఈ ప్రయోగంలో నాలుగు చోట్ల దారి తప్పే వీలుంది.

అన్నిటికన్నా పెద్దది, మీరు ఎంచుకున్న గుర్తు. హెచ్2ఏఎక్స్ ప్రోటీన్ 139వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలించేది ఏటీఎమ్ ఒక్కటే కాదు. అది లేకపోతే డీఎన్‌ఏ-పీకే అనే మరో ఎంజైము ఆ పని చేసేస్తుంది. ఒకరు సెలవు పెడితే మరొకరు డ్యూటీ చేసినట్టు. ఏటీఎమ్ మందగించిందో లేదో తెలియాలంటే, అదే ప్రధానంగా ఫాస్ఫేట్ తగిలించే చోటు చూడాలి: క్యాప్1 ప్రోటీన్‌లో సెరీన్ 824 గానీ, సీహెచ్‌కే2 ప్రోటీన్‌లో థ్రియొనీన్ 68 గానీ.

రెండోది మోతాదు. 1 గ్రే రేడియేషన్‌కు మనిషి కణంలో సుమారు 20 నుంచి 40 చోట్ల డీఎన్‌ఏ రెండు పోగులూ తెగుతాయి. 10 గ్రే ఇస్తే చుక్కలు ఒకదానిపై ఒకటి పడి లెక్క పెట్టలేం. కంటికి రెండు ప్లేట్లూ ఒకేలా కనిపిస్తాయి. 1 లేదా 2 గ్రేకు తగ్గించండి. సమయం కూడా అంతే ముఖ్యం. అరగంటకు కనిపించేది తెగిన లెక్క, మరమ్మతు లెక్క కాదు. రేడియేషన్‌కు ముందు ఒకటి, తర్వాత 30 నిమిషాలు, 4 గంటలు, 24 గంటలకు నమూనాలు తీయండి. మరమ్మతు కుంటుపడితే తేడా బయటపడేది 24 గంటలకు మిగిలిపోయిన చుక్కల్లో. కేంద్రకం మొత్తం నిండుగా వెలిగే కణాలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అవి చాలావరకు చనిపోతున్న కణాలు.

ఆ 90 శాతం లెక్కను కూడా ఒకసారి పరీక్షించండి. కంట్రోల్ నమూనాను 100, 50, 25, 12.5 శాతాలకు పలుచన చేసి అదే జెల్‌లో పక్కపక్కన నడిపితే అసలు ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఎంజైముల విషయంలో మిగిలిన పదోవంతే పని మొత్తం నెట్టుకురావచ్చు. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఒక రోజులో పడిపోయినా, పాత ప్రోటీన్ అరిగిపోవడానికి 48 నుంచి 72 గంటలు పట్టవచ్చు. రేడియేషన్ ఆ తర్వాతే ఇవ్వండి.

ప్రశ్న: ఒక కొత్త జన్యువును సైలెన్స్ చేస్తే ర్యాడ్51 చుక్కలు (మరమ్మతు జరిగే చోట ఆ ప్రోటీన్ గుమిగూడితే కనిపించేవి) స్పష్టంగా తగ్గాయి. మూడుసార్లు చేసినా అదే ఫలితం. ఇక అనుమానం ఎందుకు?

జవాబు: ఒకే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో మూడుసార్లు చేస్తే ఒకే పొరపాటు మూడుసార్లు తిరిగొస్తుంది. మీ గైడ్ పోగులో 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలు ఏ ఇతర ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ చివరి భాగానికి సరిపోయినా దాన్నీ అణచివేస్తాయి. ఇది మీకు మరింత ప్రమాదం, ఎందుకంటే ఇలా అనుకోకుండా తగ్గిపోయే వాటిలో ర్యాడ్51 పేరుమోసింది. 2012లో వెలువడిన జన్యువులన్నిటినీ ఒక్కొక్కటిగా అణచి చూసిన ఒక స్క్రీనింగ్‌లో, మరమ్మతు జన్యువులుగా తేలినవాటిలో చాలా వరకు నిజానికి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు పొరపాటున ర్యాడ్51నే తగ్గించడం వల్ల వచ్చినవని బయటపడింది.

కాబట్టి మొదట ర్యాడ్51 ప్రోటీన్‌నే బ్లాట్‌లో చూడండి. అది తగ్గి ఉంటే మీ కథ అక్కడే మారిపోతుంది. తగ్గకపోతే, వేర్వేరు చోట్లను తాకే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు కనీసం మూడు విడివిడిగా పరీక్షించండి. ఒక్కోదానికి 9, 10, 11 స్థానాల అక్షరాలు మార్చిన జోడీ కూడా చేయించుకోండి. అది అసలు జన్యువును కోయలేదు గానీ 2 నుంచి 8 వరకున్న భాగం అలాగే ఉంటుంది. దానితో కూడా చుక్కలు తగ్గితే మీరు చూస్తున్నది పొరపాటు ప్రభావమే.

తుది పరీక్ష రెస్క్యూ. ప్రోటీన్ మారకుండా, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ తాకే చోట మాత్రం నాలుగైదు అక్షరాలు మార్చిన జన్యువును కణంలో తిరిగి పెట్టాలి. చుక్కలు మళ్లీ వస్తేనే మీ జన్యువుకు ఆ పని ఉందని మేం నమ్ముతాం. మామూలు స్థాయికి పదింతలు ప్రోటీన్ నింపి తెచ్చిన రెస్క్యూను మాత్రం నమ్మం.

ఇంకో మాట. ర్యాడ్51 చుక్కలు కణచక్రంలో డీఎన్‌ఏ ప్రతి తయారయ్యే ఎస్ దశ, ఆ తర్వాతి జీ2 దశల్లోనే ఏర్పడతాయి. మీ సైలెన్సింగ్ కణాలను అంతకుముందున్న జీ1లో ఆపేసినా చుక్కలు తగ్గినట్టే కనిపిస్తుంది. ఎస్, జీ2 దశల్లో ఉండే సైక్లిన్ ఏ ప్రోటీన్‌కు రంగు కూడా వేసి, ఆ రంగు పట్టిన కణాల్లోనే లెక్కించండి.

ప్రశ్న: మా బంధువుల బాబుకు అటాక్సియా టెలాంజియెక్టేసియా అని తేలింది. సైలెన్సింగ్ మందులు వచ్చాయంటున్నారు కదా, పనికొస్తాయా?

జవాబు: ఆశపడేవారికి ఇది చెప్పడం మాకూ కష్టంగానే ఉంది, కానీ స్పష్టంగా చెప్పాలి. నడక తడబడేలా చేసే ఈ వంశపారంపర్య జబ్బులో ఏటీఎమ్ పనిచేయదు. లేనిదాన్ని ఇంకా తగ్గించి ప్రయోజనం లేదు. హాని చేసే ప్రోటీన్ తయారవుతున్నప్పుడే సైలెన్సింగ్ మందు అవుతుంది. కాలేయంలో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ పేరుకుపోయి నరాలను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బుకు 2018లో వచ్చిన పాటిసిరాన్ అలాంటిదే. ఎస్‌ఓడీ1 జన్యువులో మార్పు వల్ల వచ్చే ఏఎల్‌ఎస్‌కు (కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బు) 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్ కూడా అంతే. అయితే అది ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ కాదు, ఒంటి పోగు మందు.

బాబు విషయంలో ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. ఈ జబ్బున్నవారి కణాలు రేడియేషన్‌ను తట్టుకోలేవు. ఎక్స్‌రే, సీటీ స్కాన్ రాసే ప్రతి డాక్టరుకూ ముందే చెప్పండి. అవసరం లేనివి మాన్పించండి. ఎప్పుడైనా రేడియోథెరపీ మాట వస్తే, మామూలు మోతాదే ప్రమాదకరం కావచ్చని గుర్తు చేయండి. తల్లిదండ్రులు జన్యు సలహాదారును కలవాలి. ఏటీఎమ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే లోపించిన స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా ఎక్కువ.

ప్రశ్న: పొడిగా వచ్చిన 5 నానోమోల్ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను ఎలా కలిపి దాచాలి?

జవాబు: మూత తెరవకముందే ట్యూబును ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకు అంటిన పొడి కిందికి దిగుతుంది. ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) లేని బఫర్ 250 మైక్రోలీటర్లు పోస్తే 20 మైక్రోమోలార్ అవుతుంది. గది ఉష్ణోగ్రతలో అరగంట మెల్లగా కదిపి, చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి. 1 మైక్రోమోలార్ పలుచనను ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోండి.