అంకశ్రేఢి రాత లెక్కలు మా ట్యూషన్ పిల్లలకు ఇలా చెబుతాను

"మా బాబు పదో తరగతి. సూత్రాలన్నీ నోటికి వచ్చు. ఎ (మొదటి సంఖ్య), డి (ఒక్కోసారి పెరిగే మొత్తం) విలువలిస్తే చకచకా చేస్తాడు. అదే లెక్కను వాక్యాల్లో ఇస్తే పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంటాడు. ఏం చేయాలి?" అని అడిగారు కదండీ. మూసారాంబాగ్‌లో మా ఇంట్లో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. అంకశ్రేఢి అంటే ప్రతిసారీ ఒకే లెక్కన పెరుగుతూనో తగ్గుతూనో పోయే సంఖ్యల వరుస. ఏటా ఈ శ్రేఢుల పాఠం దగ్గర ఎంతోమంది ఇలాగే ఆగిపోతారు. బాబును కోప్పడకండి. వాడికి ఆల్జీబ్రా వచ్చు. వాక్యంలోంచి శ్రేఢిని బయటికి తీయడమే ఎవరూ విడిగా నేర్పి ఉండరు.

నాకూ నేర్పలేదు. పదో తరగతిలో ఒక పరీక్షలో నెలనెలా డబ్బు దాచుకునే లెక్క వచ్చింది. 12వ నెలలో ఎంత దాచాడని అడిగితే నేను 12 నెలల మొత్తం కట్టి వచ్చాను. కూడిక అంతా సరిగ్గానే ఉంది, మార్కులు మాత్రం సున్నా. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ప్రశ్నను నాలుగైదుసార్లు చదివితే గానీ తెలియలేదు. "12వ నెలలో", "12 నెలల్లో". తేడా అంతా ఆ "వ"లో ఉంది. "వ" ఉంటే ఒక్క పదం, అంటే వరుసలోని ఒక్క సంఖ్య అడుగుతున్నారు, "నెలల్లో" అంటే మొత్తం అడుగుతున్నారు. ఇప్పుడు మా పిల్లల చేత ముందు ఆ మాట కింద గీత గీయిస్తాను, ఆ తర్వాతే పెన్ను కదలాలి.

తర్వాతి పని, అక్షరాల జోలికి పోకుండా మొదటి మూడు నాలుగు సంఖ్యలు రాయించడం. మొదటి నెల 800, నెలకు 50 చొప్పున పెంచాడంటే 800, 850, 900 అని కాగితం మీద కనబడాలి. కనబడ్డాక 800 ఎ అనీ, 50 డి అనీ వాళ్లే చెబుతారు. 12వ నెలలో 1350, 12 నెలల్లో 12,900. ఒకే కథలో ఈ రెండు జవాబులూ పక్కపక్కన రాయిస్తే తేడా మనసులో నాటుకుంటుంది.

ఇక ఎన్‌వ పదం సూత్రం ఎ + (ఎన్ - 1)డి లోని "ఎన్ మైనస్ ఒకటి". పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. దీనికి మన మెట్రోను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైన్‌లో 27 స్టేషన్లు. మొదటి స్టేషన్‌లో ఎక్కి చివరిదాకా వెళ్తే రైలు ఎన్నిసార్లు స్టేషన్ నుంచి స్టేషన్‌కు వెళ్తుంది? చాలామంది 27 అంటారు. కాదు, 26. ఎక్కిన స్టేషన్‌కు మనం ప్రయాణం చేయలేదు కదా! అమీర్‌పేట 11వ స్టేషన్, మియాపూర్ నుంచి 10 అంగల దూరం. అలాగే 11వ పదం చేరాలంటే మొదటి పదం నుంచి 10 అంగలు వేయాలి, ఒక్కో అంగ డి. ఎ + 10డి అక్కడి నుంచే వచ్చింది. ఇది అర్థమైన పిల్లలు సూత్రం మరిచిపోయినా లెక్క వదలరు.

ఎ, డి రెండూ ఇవ్వని లెక్కలకూ ఇదే దారి. "4వ నెలలో 950, 9వ నెలలో 1200 దాచాడు, మొదటి నెలలో ఎంత?" నాలుగు నుంచి తొమ్మిదికి 5 అంగలు, పెరిగింది 250, కాబట్టి అంగకు 50. నాలుగో నెల నుంచి మూడంగలు వెనక్కి వస్తే 800. ముందు ఇలా నోటితో చేయించి, ఆ తర్వాతే ఎ + 3డి = 950, ఎ + 8డి = 1200 అని రాయించండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే 5డి = 250. నోటితో చేసిందే కాగితం మీద మళ్లీ కనిపిస్తుంది. సమీకరణం అంటే బెదురు అక్కడే పోతుంది.

"అంకశ్రేఢిలోని మూడు సంఖ్యల మొత్తం 27, లబ్ధం 585" లాంటివి వస్తే ఎ - డి, ఎ, ఎ + డి అని తీసుకోమనండి. ఇక్కడ ఎ అంటే నడిమి సంఖ్య. కూడగానే డి పోయి ఎ = 9 వస్తుంది, లబ్ధం నుంచి డి = 4 వస్తుంది, జవాబు 5, 9, 13. నాలుగు సంఖ్యలైతే ఎ - 3డి, ఎ - డి, ఎ + డి, ఎ + 3డి. ఇక్కడ పదాంతరం, అంటే పక్కపక్క సంఖ్యల తేడా, 2డి అని మరవకూడదు.

మొత్తం కనుక్కునే లెక్కకు నేను ఎప్పుడూ బతుకమ్మనే వాడతాను. మా అమ్మమ్మ పేరుస్తుంటే పక్కన కూర్చుని పూలు అందించేదాన్ని. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో వరుసకు పూలు దాదాపు ఒకే లెక్కన తగ్గేవి. కారణం పెద్దయ్యాక తెలిసింది. చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. కొత్త వరుసను చుట్టూ ఒక పువ్వంత లోపలికి జరిపితే వ్యాసం రెండు పూలంత తగ్గుతుంది, చుట్టూ ఆరు పూలకు కాస్త ఎక్కువే తగ్గుతాయి. లెక్క కోసం ఆరు అనుకుందాం. అడుగు వరుసలో 60 బంతిపూలు, వరుసకు 6 తగ్గుతూ 9 వరుసలు. పై వరుసలో 12. మొత్తం ఎన్ని?

సూత్రం ఇవ్వకండి. వరుసలన్నీ రాయించి నడిమి దాన్ని చూడమనండి. ఐదో వరుసలో 36. దానికి కిందున్న వరుసల్లో ఎంత ఎక్కువో పైనున్న వాటిలో అంత తక్కువ, అంటే అన్నీ 36 ఉన్నట్టే. 9 × 36 = 324. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలోనూ ముందు నడిమి పదాన్ని పట్టుకునే దారి చెప్పి, ఆ తర్వాత మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కూడి పదాల సంఖ్యలో సగంతో గుణించమన్నాడు. మన పుస్తకంలోని సూత్రం ఆ రెండోదే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు చూడాలండీ.

ఇప్పుడు అదే లెక్కను తిప్పి అడగండి. 324 పూలున్నాయి, అడుగున 60, వరుసకు 6 తక్కువ. ఎన్ని వరుసలు? వరుసలు ఎన్ అనుకుంటే చివరి వరుసలో 66 - 6ఎన్ పూలు. మొదటిదీ చివరిదీ కూడితే 126 - 6ఎన్, దాన్ని ఎన్‌లో సగంతో గుణిస్తే 324 రావాలి. సర్దితే ఎన్² - 21ఎన్ + 108 = 0. కారణాంకాలు (ఎన్ - 9), (ఎన్ - 12). అంటే 9 గానీ 12 గానీ.

రెండు జవాబులు రాగానే పిల్లలు కంగారుపడి ఏదో ఒకటి కొట్టేస్తారు. అలా చేయనివ్వకండి. 9 తర్వాతి వరుసలు కూడా రాయించండి. 10వ వరుసలో 6, 11లో సున్నా, 12లో మైనస్ 6. మైనస్ 6 పూలతో వరుస పేర్చలేం, అందుకే 12 చెల్లదు. పరీక్షలో ఈ కారణం ఒక్క వాక్యంలో రాయాలని బాబుకు గట్టిగా చెప్పండి. పోయినేడు మా దగ్గర ఒక అమ్మాయి అక్కడితో ఆగలేదు. "మరి ఆల్జీబ్రా 12 ఎందుకు ఇచ్చింది టీచర్?" అని అడిగి, తనే కూడి చూసుకుంది. 6, 0, మైనస్ 6 కలిపితే సున్నా. 9 వరుసల తర్వాత ఎంత మొత్తమో, 12 వరుసల తర్వాతా అంతే.