ప్రెస్‌మీట్‌లో ఒక్క ఆడపిల్లా కనబడలేదని భయపడుతున్న తండ్రికి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. డిగ్రీ అయిన మా అమ్మాయి కడప యోగి వేమన యూనివర్సిటీలో జర్నలిజం పీజీ చేస్తానంటోంది. ఇక్కడ ఏ ప్రెస్‌మీట్ చూసినా అందరూ మగవాళ్లే. ఉద్యోగం ఎవరిస్తారని టెన్షన్‌గా ఉంది. బీఈడీ చేయమనేదా?

జవాబు: అన్నా, మీరు చూసింది నిజమే. అయితే ఆడపిల్లలకు చేతకాక కాదు, ఆ పని పెట్టిన తీరే అట్లాంటిది. మండలాల్లో వార్తలు రాసేది ఎక్కువగా కంట్రిబ్యూటర్లు, అంటే పత్రికకు ఉద్యోగులు కాని విలేకరులు. నెల జీతం ఉండదు, అచ్చైన వార్త పొడవును బట్టి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బు పెట్రోలుకే చాలదు. ఆగస్టు 15 వచ్చినా, నాయకుడి పుట్టినరోజు వచ్చినా యాడ్ల టార్గెట్. రాత్రి తొమ్మిదికి కాంట్రాక్టర్ ఆఫీసు బయట నిలబడి 'అన్నా, ఒక క్వార్టర్ పేజీ ఇప్పించండి' అని అడగాలి. మరుసటి వారం అతను వేసిన రోడ్డు మీదే వార్త రాయాలి. ఇది మగపిల్లలకే నరకం. ఏ ఇంట్లో ఆడపిల్లను పంపుతారు? కింద చేరనివాళ్లు పైన ఎడిషన్ ఇన్‌ఛార్జి ఎట్లా అవుతారు?

అట్లాగని బీఈడీ మాట ఎత్తకండి, ఆ కంట్రిబ్యూటర్ గడప తొక్కకుండా వేరే దారిలో పంపండి. పీజీ అయ్యాక పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్ల పరీక్ష రాయించండి. చేరేముందు అపాయింట్‌మెంట్ లెటర్, నైట్ షిఫ్ట్ తర్వాత ఇంటికి వాహనం అడగమనండి. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకంటే చిన్న ఆఫీసైతే జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. ఫ్యామిలీ పేజీలోనే కూర్చోబెడితే మాత్రం ఒప్పుకోవద్దు, రిపోర్టింగ్ అడగాలి.

2020లో 116 దేశాల వార్తలను పరిశీలిస్తే, అందులో కనిపించిన, మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు నూటికి 25 మందే. ప్రశ్నలు అడిగే విలేకరుల్లో ఆడవాళ్లు లేకపోతే, వార్తల్లో జవాబు చెప్పేవాళ్లలోనూ తగ్గిపోతారని నా నమ్మకం. మన పక్కన చిత్తూరు జిల్లాలో 2001లోనే పొదుపు సంఘాల మహిళలు 'నవోదయం' పత్రిక మొదలుపెట్టి, వార్తలు వాళ్లే రాసుకున్నారు. పీజీలు చదివినవాళ్లు కాదు.

ముందు పీజీసెట్‌కు చదివించండి. ఈలోపు ఒక పని చెప్పండి. మీ ఊరి బంగారు అంగళ్లలో పనిచేసే ఆడపిల్లలకు ఎన్ని గంటల డ్యూటీ, కూర్చోవడానికి స్టూల్ ఉందా, టాయిలెట్ ఎక్కడ, ఈ మూడూ కనుక్కొని రెండు పేజీలు రాయమనండి. నాకు పంపితే చదివి చెబుతాను.